కొండెక్కితే టకటక!

మా పాత కారుకి ఇంజన్ ట్యూనింగ్ చేయించిన వారానికే సింహాచలం ఘాట్‌లో బానెట్ కింద టకటకమని చప్పుడు! డబ్బాలో గులకరాళ్లు వేసి ఆడించినట్టు. పక్కనున్న అత్తయ్య "ఆపవే, ఏదో విరిగినట్టుంది" అని ఒకటే కంగారు.

మెకానిక్‌ని నిలదీశాను. "పికప్ కోసం టైమింగ్ ముందుకు జరిపానమ్మా. దానికి ఆక్టేన్ ఎక్కువున్న పెట్రోలు పొయ్యాలి" అన్నాడు తాపీగా. ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా!

స్పార్క్ మంట తన దాకా రాకముందే సిలిండర్లో మిగిలిన పెట్రోలు వేడికీ, ఒత్తిడికీ తనంతట తానే భగ్గుమంటుంది. అదే నాకింగ్. దాన్ని తట్టుకునే గుణమే ఆక్టేన్. 2020లో బీఎస్-6 వచ్చినప్పుడు మామూలు పెట్రోలుకి కనీసం 91 ఉండాలన్నారు. కిరోసిన్ కలిస్తే అది పడిపోతుంది. ట్యూనింగ్ చెయ్యని కారుకి మాత్రం ఖరీదైన పెట్రోలు పోసినా పెద్దగా ఒరిగేదేం లేదు.

మల్కాపురంలో 1957 నుంచీ రిఫైనరీ ఉంది, మన విశాఖకి మంచి పెట్రోలుకేం లోటని ధీమాగా ఉండేదాన్ని. కానీ బంకు ట్యాంకులో నీళ్లు చేరితే? ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలుస్తోంది. అది పెట్రోలుని వదిలేసి నీళ్లతో కలిసి అడుక్కి దిగుతుంది. ఆక్టేన్ పెంచేది అదే, పైన మిగిలిన పెట్రోలు నీరసం!

అనుమానమొస్తే బంకులో ఫిల్టర్ పేపర్ అడగండి, ఇచ్చి తీరాలి. నాజిల్ తుడిచి ఒక్క చుక్క వెయ్యండి. రెండు నిమిషాల్లో ఆరిపోవాలి. లేత గులాబీ రంగు మిగిలితే ఫర్వాలేదు, అది పెట్రోలు రంగే. ముదురు మరకైతేనే అనుమానించాలి.

నేనైతే టైమింగ్ వెనక్కి పెట్టించేశాను. పికప్ తగ్గిందని మావారి సణుగుడు. అత్తయ్య మాత్రం మళ్లీ కారెక్కుతున్నారు.