ఆవిరైపోయిన దానికీ డబ్బే

విమానాశ్రయంలో డ్యూటీ ఫ్రీ విస్కీ అరల ముందు నిలబడ్డవాడికి ముందుగా కంటబడేవి అంకెలు: 12, 15, 18, 21. అంకె పెరిగేకొద్దీ ధర ఎగబాకుతుంది. ఊరికి వెళ్తూ మామగారికో, బావగారికో, రిటైరవుతున్న పాత మేనేజరుగారికో ఒక ఫుల్ బాటిల్ పట్టుకెళ్దామనుకున్నవాడు జేబు తడుముకుని, మనసొప్పకుండానే 12 దగ్గర ఆగుతాడు. తక్కువది తెచ్చానే అన్న చిన్నతనాన్ని కూడా సూట్‌కేసులో పెట్టుకుని వస్తాడు. ఆ చిన్నతనం అక్కర్లేదు. ఆ అంకె దేన్ని కొలుస్తుందో, దేన్ని కొలవదో తెలిస్తే ఉన్న డబ్బులోనే మంచి సీసా దొరుకుతుంది.

స్కాచ్ మీద ఆ అంకె వెయ్యడానికి చట్టం ఉంది. బ్రిటన్ 2009లో తెచ్చిన నిబంధనల ప్రకారం స్కాచ్ అనిపించుకోవాలంటే సరుకు స్కాట్లాండ్‌లోనే, 700 లీటర్లకు మించని ఓక్ పీపాల్లో, కనీసం మూడేళ్ళు మాగాలి. సీసాకెక్కే నాటికి ఆల్కహాల్ 40 శాతానికి తగ్గకూడదు. నీళ్ళు, రంగు కోసం మాడ్చిన చక్కెర తప్ప ఇంకేమీ కలపకూడదు. లేబుల్ మీద 12 అని ఉంటే, ఆ సీసాలో కలిసిన విస్కీలన్నిటిలోకీ చిన్నదాని వయసు 12 అన్నమాట. ఇరవయ్యేళ్ళ సరుకులో ఐదేళ్ళది ఒక్క గరిటెడు కలిపినా లేబుల్ మీద వయసు వెయ్యదలిస్తే 5 అనే వెయ్యాలి. అందుకే కొన్ని కంపెనీలు అంకె మానేసి ఏదో గంభీరమైన పేరు పెట్టేస్తాయి. అంకె లేనిదంతా నాసిరకమనీ కాదు, ఆ పేర్లన్నీ నమ్మదగినవనీ కాదు.

మాగడం పీపాలోనే. సీసాలో పోసి మూత బిగించాక విస్కీకి వయసు పెరగదు. ఇరవై ఏళ్ళు అల్మరాలో దాచిన 12 ఏళ్ళ సీసా ఇప్పటికీ 12 ఏళ్ళదే.

స్కాట్లాండ్ గోదాముల్లో ఒక్కో పీపా నుంచి ఏటా సుమారు 2 శాతం గాలిలో కలిసిపోతుంది. అక్కడివాళ్ళు దాన్ని దేవతల వాటా అంటారు. రెండే కదా అనిపిస్తుంది గానీ, ఏళ్ళ తరబడి లెక్క కట్టి చూడండి. 12 ఏళ్ళకు ఐదో వంతు పైగా, 18 ఏళ్ళకు 30 శాతం, పాతికేళ్ళకు 40 శాతం మాయం. పోయినదాని ఖరీదు, గోదాం ఖర్చు, అన్నేళ్ళు ఇరుక్కుపోయిన పెట్టుబడి మీద వడ్డీ అన్నీ కలిసి చివరికి కొనేవాడి నెత్తినే పడతాయి. పైగా చల్లగా, తేమగా ఉండే ఆ వాతావరణంలో నీటికంటే ఆల్కహాలే ఎక్కువ పోతుంది. బలం తగ్గి తగ్గి 40 కిందికి జారిందంటే ఆ పీపాను స్కాచ్ పేరుతో అమ్మడానికే వీల్లేదు. నలభై ఏళ్ళ సీసాలు అంత అరుదు కావడానికి ఇదీ ఒక కారణమే.

ఇప్పుడు బెంగళూరు లెక్క చూద్దాం. అక్కడ అమృత్ డిస్టిలరీ పీపాల నుంచి ఏటా 10 నుంచి 12 శాతం ఆవిరవుతుంది. 10 శాతమే అనుకున్నా, స్కాట్లాండ్‌లో పాతికేళ్ళకు జరిగే నష్టం ఇక్కడ ఐదేళ్ళలో జరిగిపోతుంది. వేడికి ద్రవం చెక్కలోకి త్వరగా చొచ్చుకుపోయి, అందులోని రుచులను త్వరగా లాగేస్తుంది. అలాగని ఐదేళ్ళ బెంగళూరు పీపా పాతికేళ్ళ స్కాచ్‌తో సమానమని లెక్కగట్టడం తప్పు. చెక్కసారం దిగడం వేడితో వేగవంతమవుతుంది గానీ, ఆక్సిజన్ తగిలి నెమ్మదిగా జరిగే మార్పులన్నీ అదే నిష్పత్తిలో పరుగెత్తవు. అయినా బెంగళూరులో నాలుగైదేళ్ళకే ముదురు రుచి వచ్చేస్తుంది. మన దేశపు సింగిల్ మాల్టుల (ఒకే డిస్టిలరీలో, మొలకెత్తించిన బార్లీతోనే చేసిన విస్కీల) మీద ఎక్కువగా వయసు అంకె కనబడకపోవడానికి కారణం ఇదే. అమృత్ తన సింగిల్ మాల్టును 2004లో తీసుకెళ్ళి నేరుగా స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలోనే విడుదల చేసింది. 2010 'విస్కీ బైబిల్'లో విస్కీ విమర్శకుడు జిమ్ ముర్రే అమృత్ ఫ్యూజన్‌కు ప్రపంచంలో మూడో స్థానం ఇచ్చాడు. గోవా పాల్ జాన్, హర్యానా ఇంద్రి ఆ దారిలో వచ్చినవే. అమెరికాలోనో ఇంగ్లండులోనో ఉన్న స్నేహితుడికి ఇక్కడి నుంచి పట్టుకెళ్ళాలంటే నా ఓటు వీటికే. అక్కడ దొరికే స్కాచ్‌నే ఇక్కడ కొని మోసుకెళ్ళడంలో అర్థం లేదు.

అయితే వైన్ షాపులో వరసగా పేర్చి ఉండే దేశీ విస్కీలన్నీ ఈ కోవలోకి రావు. చవక రకాల్లో చాలావాటికి మూలం చెరకు మొలాసిస్ నుంచి తీసిన న్యూట్రల్ స్పిరిట్. దానికి కొంచెం మాల్టు కలిపి, రంగు, వాసన సరిచేస్తారు. ధాన్యం నుంచి తీయనిదాన్ని విస్కీ పేరుతో అమ్మడానికి యూరోపియన్ యూనియన్ ఒప్పుకోదు. లేబుల్ మీద 'సింగిల్ మాల్ట్' అన్న మాట ఉందో లేదో చూసుకోవడం అందుకే ముఖ్యం.

వయసుకన్నా ఎక్కువ పని చేసేది పీపా. బట్టీ నుంచి దిగిన స్పిరిట్ నీళ్ళలా తేటగా ఉంటుంది. రంగంతా చెక్కదే, రుచిలో సింహభాగం కూడా చెక్కదే. ఓక్ చెక్కలోని లిగ్నిన్ విరిగితే వనిలిన్ వస్తుంది, వెనిలా ఐస్‌క్రీములో ఉండే వాసన అదే. లాక్టోన్లు కొబ్బరి వాసననిస్తాయి. లోపలివైపు కాల్చిన పీపాలోని బొగ్గుపొర గంధకపు వాసనలను పీల్చేస్తుంది. అమెరికాలో బర్బన్ విస్కీని కాల్చిన కొత్త ఓక్ పీపాల్లోనే నిలవ చెయ్యాలని చట్టం, కాబట్టి ఒకసారి వాడిన పీపా మళ్ళీ బర్బన్‌కు పనికిరాదు. వాటిలో చాలా ఓడలెక్కి స్కాట్లాండ్ చేరతాయి. స్కాచ్‌లో ఎక్కువ భాగం ఇలాంటి సెకండ్ హ్యాండ్ పీపాల్లోనే మాగుతుంది. స్పెయిన్ షెర్రీ వైన్ పీపాలైతే ఎండుద్రాక్ష, అంజీర్, కాస్త వగరు. వాటి ఖరీదు బర్బన్ పీపాకు ఎన్నో రెట్లు.

బర్బన్ పీపా కొత్తది కాబట్టి నాలుగైదేళ్ళలోనే చెక్కసారం దండిగా దిగుతుంది. అందుకే తక్కువ డబ్బుకు నిండైన రుచి కావాలంటే బర్బన్ వైపు చూడమంటాను. అందులో సగానికి పైగా మొక్కజొన్న కాబట్టి తియ్యగా ఉంటుంది, కొత్తవాళ్ళకూ నచ్చుతుంది. పొగవాసన విస్కీల సంగతి అలా కాదు. స్కాట్లాండ్‌లోని ఐలా ద్వీపంలో బార్లీని పీట్ మంట మీద ఆరబెడతారు. పీట్ అంటే చిత్తడి నేలల్లో నాచు వేల ఏళ్ళుగా కుళ్ళి పేరుకున్న మట్టి. ఆ పొగలోని ఫినాల్స్ గింజకు పట్టి సీసాదాకా వస్తాయి. ప్రేమించేవాళ్ళు ప్రాణం పెడతారు, మిగతావాళ్ళు ఆసుపత్రి వాసనంటారు. ఎదుటివారి అలవాటు తెలియకుండా అలాంటిది కానుకగా ఇవ్వడం జూదమే.

లేబుల్ మీద జనం పట్టించుకోని అంకె ఇంకొకటుంది, ఆల్కహాల్ శాతం. మన దేశంలో చాలా సీసాల మీద 42.8 అని ఉంటుంది. అది పాత బ్రిటిష్ కొలమానంలో 75 డిగ్రీల ప్రూఫ్, తెల్లవాళ్ళు వెళ్ళిపోయినా ఆ లెక్క మిగిలిపోయింది. వెతకాల్సింది మాత్రం 46 లేదా ఆ పైది. విస్కీలో కొన్ని కొవ్వు ఆమ్లాల ఎస్టర్లుంటాయి. బలం 46 కంటే తగ్గితే, చల్లబడినప్పుడు అవి విడిపోయి విస్కీ మసకబారుతుంది, చలికాలంలో కొబ్బరినూనె తెల్లబడినట్టు. కొనేవాడు కల్తీ అనుకుంటాడన్న భయంతో కంపెనీలు విస్కీని ముందే చల్లబరిచి, ఆ ఎస్టర్లను వడగట్టేస్తాయి. దాంతో కొంత చిక్కదనం పోతుందని రుచి తెలిసినవాళ్ళు అంటారు. 46 దగ్గర సీసాకెక్కిస్తే వడగట్టే అవసరం ఉండదు. పైగా 750 మిల్లీలీటర్ల 46 శాతం విస్కీకి నీళ్ళు కలిపి 40కి తెస్తే దాదాపు 860 మిల్లీలీటర్లవుతుంది. అదే అరలో అదే ధరకు 40 శాతంది ఉంటే ఏది లాభమో వేరే చెప్పాలా? సీసా పరిమాణం కూడా చూసుకోవాలి. యూరప్‌లో 700, మన దగ్గర 750, డ్యూటీ ఫ్రీలో తరచూ లీటరు. లీటరు లెక్కన పోల్చకపోతే ఏది చవకో తేలదు.

ధరలో పన్ను సంగతి సరేసరి. దిగుమతి విస్కీ మీద భారత్ చాలాకాలం 150 శాతం సుంకం వేసింది. 2025 జులైలో బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం అది స్కాచ్‌కు ముందు 75కి, పదేళ్ళలో 40కి దిగాలి. దానిమీద రాష్ట్రాల పన్నులుండనే ఉన్నాయి. ఆ డబ్బులో ఒక్క చుక్క రుచి లేదు.

ధర అసలు రుచిని మారుస్తుందా అంటే, మారుస్తుంది, నాలుక మీద కాకపోయినా. 2008లో వెలువడిన ఒక అధ్యయనం కోసం కాలిఫోర్నియాలో 20 మందిని ఎంఆర్‌ఐ యంత్రంలో పడుకోబెట్టి వైన్ తాగించారు. ఒకే వైన్‌ను ఒకసారి 10 డాలర్లదని, ఇంకోసారి 90 డాలర్లదని చెప్పారు. 90 అన్నప్పుడు ఎక్కువ బాగుందన్నారు, మెదడులో ఆనందాన్ని లెక్కగట్టే భాగం కూడా అప్పుడే ఎక్కువ చురుగ్గా పనిచేసింది. నటన కాదు, నిజంగానే బాగా అనిపించింది. ఆ లెక్కన కానుక మీద ధర చీటీ చింపేయడం మర్యాదే గానీ సైన్స్ ప్రకారం నష్టం! అందమైన పెట్టె, బరువైన సీసా ఇచ్చే సంతోషమూ అలాంటిదే, దాన్ని నేను తక్కువ చెయ్యను. రంగు చూసి మాత్రం మోసపోవద్దు. ముదురు తేనెరంగు వయసు వల్ల వచ్చిందో, మాడ్చిన చక్కెర వల్ల వచ్చిందో కంటితో తెలియదు.

ఇక పుచ్చుకునే మనిషి. మామగారు సోడా, ఐసు వేసుకుని, పక్కన కోడివేపుడో మిరపకాయ బజ్జీలో పెట్టుకునే రకమనుకుందాం. చల్లదనం వాసనలను ఎగరనివ్వదు. మిరపలోని కాప్సైసిన్ నోట్లో ఏ గ్రాహకాన్ని తడుతుందో ఆల్కహాల్ కూడా దాన్నే తడుతుంది. మామూలుగా 42 డిగ్రీల వేడికి మేల్కొనే ఆ గ్రాహకం, ఆల్కహాల్ తగిలితే 34 దగ్గరే మేల్కొని మంట మంట అంటుంది. అక్కడ 18 ఏళ్ళ సుకుమారాన్ని పోయడం డబ్బు దండగ. ఆయనకు బర్బన్, లేదా మంచి 12 ఏళ్ళ బ్లెండెడ్ స్కాచ్ హాయిగా సరిపోతాయి. కొద్దిగా నీళ్ళే కలుపుకుని నెమ్మదిగా తాగేవారికైతే 46 శాతం సింగిల్ మాల్ట్ ఇవ్వండి. నీళ్ళు కలపడం నామోషీ ఏమీ కాదు. పొగవాసనకు మూలమైన గ్వాయకాల్ అణువులు, పలచబడిన విస్కీలో ఉపరితలం దగ్గర ఎక్కువగా చేరతాయని 2017లో స్వీడన్ శాస్త్రవేత్తలు కంప్యూటర్ నమూనాలతో చూపించారు. తాగుడు మానేసినవారికి, కాలేయం దెబ్బతిన్నవారికి, మందులు వాడుతున్నవారికి అసలు విస్కీయే వద్దు. ఇంత మోతాదు వరకు ఫరవాలేదని చెప్పగల హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తేల్చింది. ఆల్కహాల్ క్యాన్సర్ కారకమన్నది అంతకు ఎంతో ముందే తేలింది.

విదేశం నుంచి వచ్చేవారు సుంకం లేకుండా రెండు లీటర్లు తేవచ్చు. చెక్-ఇన్ సామానులో పెట్టేదాని బలం 70 శాతం దాటకూడదు. మధ్యలో విమానం మారితే, డ్యూటీ ఫ్రీ వాళ్ళు ఇచ్చిన సీలు సంచిని రసీదుతో సహా విప్పకుండా ఉంచుకోవాలి. లేకపోతే రెండో తనిఖీ దగ్గర సీసా వదిలేసి రావాల్సి వస్తుంది. శంషాబాద్‌లో దిగాక కూడా డ్యూటీ ఫ్రీ ఉంది కాబట్టి అంత మోత అక్కర్లేదు. గుజరాత్, బిహార్ వెళ్ళేవాళ్ళు ఈ ఆలోచనే మానుకోవడం మంచిది, అక్కడ మద్యనిషేధం ఉంది. ఇచ్చేటప్పుడు సీసాను నిలువుగా ఉంచమని చెప్పండి. వైన్‌లా పడుకోబెడితే ఘాటు ఆల్కహాల్ బిరడాను తినేస్తుంది.