రాయచూరు రాయి, లిథియం ఉప్పు

రాయచూరు జిల్లాకు పడమటి కొసన, హట్టి బంగారు గనులతో పేరుపడిన లింగసుగూరు తాలూకాలో, అమరేశ్వర పరిసరాల రాళ్ళలో స్పాడ్యుమీన్ అనే లిథియం ఖనిజం ఉన్నట్టు, హైదరాబాదు బేగంపేట కేంద్రంగా పనిచేసే అణు ఖనిజాల అన్వేషణ సంస్థ శాస్త్రజ్ఞులు గుర్తించారు. ఈ ఖనిజం ఉండేది పెగ్మటైట్ అనే రాతిలో. భూగర్భంలోని శిలాద్రవం చల్లారి గ్రానైటుగా గట్టిపడేటప్పుడు, మామూలు ఖనిజాల్లో ఇమడని లిథియం వంటి మూలకాలు చివరికి మిగిలిన ద్రవంలో పోగుపడి, ఆ ద్రవం పగుళ్ళలోకి చొచ్చుకుపోయి పెద్ద పెద్ద స్ఫటికాలుగా గడ్డకట్టగా ఏర్పడినదే పెగ్మటైట్. లిథియంను అణు ఖనిజాల జాబితాలోంచి తప్పించి, వేలం ద్వారా ప్రైవేటు సంస్థలకు అప్పగించే వీలు కల్పిస్తూ 2023లో గనుల చట్టాన్ని సవరించిన తరువాత, ఇటువంటి వార్తలకు నిధి దొరికినంత హడావుడి తోడైంది. అయితే మచ్చలేని స్పాడ్యుమీన్‌లో సైతం లిథియం నూటికి నాలుగు పాళ్ళకు లోపే ఉంటుంది. పైగా పరిశ్రమకైనా ఔషధాలయానికైనా కావలసింది రాయి కాదు, దాని నుంచి తీసిన లిథియం కార్బొనేట్ అనే తెల్లని పొడి.

ఆ పొడిని రాబట్టడం తేలిక కాదు. తవ్వితీసిన స్పాడ్యుమీన్ ఆమ్లానికి లొంగదు. దాన్ని సుమారు 1,050 డిగ్రీల సెల్సియస్ దాకా కాల్చితే స్ఫటికాల అమరిక సడలి, ఆ తరువాత 250 డిగ్రీల వద్ద గంధకామ్లంతో కలిపి వేపినప్పుడు లిథియం సల్ఫేటుగా మారి నీటిలో కరుగుతుంది. ఆ ద్రావణంలోని మలినాలను తొలగించి, మరిగే స్థితికి దగ్గరగా వేడిచేసి, సోడా యాష్, అంటే బట్టల సోడాకు మూలమైన సోడియం కార్బొనేటును కలిపితే లిథియం కార్బొనేట్ తెల్లగా అడుగున దిగుతుంది. అంత వేడి ఎందుకన్నదానికి జవాబు ఈ లవణం విపరీత స్వభావంలోనే ఉంది. పంచదార గాని సూరేకారం గాని వేడినీళ్ళలో ఎక్కువగా కరుగుతాయి. లిథియం కార్బొనేట్ మాత్రం 100 మిల్లీలీటర్ల నీటిలో 0 డిగ్రీల వద్ద ఒకటిన్నర గ్రాము కరిగితే, 100 డిగ్రీల వద్ద ముప్పావు గ్రాము కూడా కరగదు. చల్లని నీటిలో కలిపి బొగ్గుపులుసు వాయువును పంపితే బైకార్బొనేటుగా మారి బాగా కరుగుతుంది, వేడిచేస్తే మళ్ళీ కార్బొనేటై పేరుకుంటుంది. శుద్ధిచేసేవారు వాడుకునేది ఈ గుణాన్నే.

1817లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు యోహాన్ ఆర్ఫ్‌వెడ్‌సన్, ఊటో ద్వీపపు రాతిని విశ్లేషిస్తూ లిథియంను కనుగొన్నప్పటి నుంచి గమనించినదేమంటే, ఇది సోడియం కుటుంబానిదే అయినా ప్రవర్తనలో అనేక విధాల మెగ్నీషియంను పోలి ఉంటుంది. అయాను, అంటే విద్యుదావేశం గల పరమాణువు, మరీ చిన్నది కావడమే ఇందుకు కారణం. 723 డిగ్రీలకు కరిగే ఈ కార్బొనేటును గాజు, పింగాణీ ముడిసరుకులో కొద్దిగా కలిపితే అవి తక్కువ వేడికే కరుగుతాయి. వేడికి అంతగా వ్యాకోచించని గాజుపింగాణీ తయారీలోనూ దీన్ని వాడతారు.

1991లో సోనీ సంస్థ లిథియం అయాన్ బ్యాటరీని బజారులోకి తెచ్చిన తరువాత ఈ లవణానికి గిరాకీ మారిపోయింది. బ్యాటరీ ధనధ్రువానికి కావలసిన పదార్థాన్ని లిథియం కార్బొనేటునో హైడ్రాక్సైడునో ఇతర లోహ సమ్మేళనాలతో కలిపి కాల్చి తయారుచేస్తారు. కృష్ణకు అవతల మహబూబ్‌నగర్ వద్ద దివిటిపల్లిలో అమరరాజా సంస్థ 9,500 కోట్ల రూపాయల పెట్టుబడితో బ్యాటరీ కర్మాగారాన్ని తలపెట్టి 2022 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్నది. ఒక కిలోవాట్ అవర్ నిల్వకు అరకిలోకు పైగా లిథియం కార్బొనేట్ పడుతుంది గనుక, మూడు కిలోవాట్ అవర్ల స్కూటరు బ్యాటరీలో కిలోన్నర నుంచి రెండు కిలోల దాకా ఉన్నట్టు లెక్క. రోజుకు 300 మిల్లీగ్రాముల బిళ్ళలు మూడు వేసుకునే రోగికి అది ఐదారేళ్ళ మందు.

మందుగా దీని చరిత్ర చిత్రమైనది. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్, మితిమీరిన ఉద్రేకంతో, నిద్రలేమితో బాధపడే 10 మంది మానసిక రోగులకు లిథియం లవణాలిచ్చి గుణం కనిపించిందని ప్రకటించాడు. సరిగ్గా ఆ ఏడే అమెరికాలో, ఉప్పు మానవలసిన గుండెజబ్బు రోగులకు ఉప్పుకు బదులుగా అమ్మిన లిథియం క్లోరైడ్ కొందరి ప్రాణాలు తీయడంతో దాన్ని బజారు నుంచి తొలగించారు. ఆ భయం వల్ల అమెరికా ప్రభుత్వం లిథియంను మందుగా ఆమోదించడం 1970 దాకా ఆలస్యమైంది. ఉద్రేకం, కుంగుబాటు మార్చి మార్చి వచ్చే బైపోలార్ వ్యాధిలో మనోస్థితిని నిలకడగా ఉంచడానికి, ఆత్మహత్యల ముప్పు తగ్గించడానికి దీనికి సాటివచ్చే మందులు నేటికీ తక్కువే.

మేలు చేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య ఉన్న ఎడం మాత్రం బహు సన్నం. రక్తంలో లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ వరకు ఉంటే మందు, 1.5 దాటితే విషలక్షణాలు మొదలవుతాయి. మూత్రపిండాలు లిథియంను సోడియం లాగానే చూస్తాయి. ఒంట్లో ఉప్పు, నీరు తగ్గినప్పుడు సోడియంను పట్టి ఉంచుకునే ప్రయత్నంలో లిథియంను కూడా బయటికి పోనివ్వవు. అందువల్ల వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటే రాయచూరు సీమలో, చెమటోడ్చి పొలం పని చేసేవారికి, వాంతులు విరేచనాలు పట్టుకున్నవారికి, బీపీ ఉందని ఉన్నట్టుండి ఉప్పు మానేసినవారికి, నిన్నటిదాకా సరిపోయిన బిళ్ళే ప్రమాదం తెస్తుంది. ఒళ్ళు నొప్పులకు దుకాణంలో కొనుక్కునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ బిళ్ళలు సైతం రక్తంలో లిథియంను పెంచుతాయి. చేతులు బాగా వణకడం, మాట ముద్దగా రావడం, నడక తూలడం కనిపిస్తే మరుసటి మోతాదు వేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. చివరి బిళ్ళ వేసుకున్న 12 గంటలకు రక్తం తీసి లిథియం పాలు చూడడం, నిర్ణీత కాలానికొకసారి మూత్రపిండాలను, థైరాయిడ్‌ను పరీక్షించడం ఈ చికిత్సలో విడదీయరాని భాగాలు. విషలక్షణాలేవీ లేనప్పుడు, నెమ్మదించింది కదా అని వైద్యుణ్ణి అడగకుండా ఒక్కసారిగా మందు మానేస్తే, ఉద్రేకం కొద్ది వారాల్లోనే తిరగబెట్టే అవకాశం ఎక్కువ.