డౌన్‌లోడ్‌కీ ఒక గీటురాయి

కంప్యూటర్లో తెలుగు ఫాంట్ల జాబితా కిందికి జరుపుతూ పోతే మా కృష్ణా డెల్టా పేర్లు రెండు తగులుతాయి. ఒకటి మండలి, ఇంకొకటి ఎన్టీఆర్. మండలి అనగానే దివిసీమలో ఎవరికైనా ముందు మెదిలేది అవనిగడ్డ మండలి వెంకట కృష్ణారావు గారే. 1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినప్పుడు విద్యాశాఖ మంత్రి ఆయన. ఎన్టీఆర్‌ది పామర్రు దగ్గరి నిమ్మకూరు. 1983లో ఆయన గెలిచిన రెండు స్థానాల్లో గుడివాడ ఒకటి. ఈ రెండు ఫాంట్లనూ పురుషోత్ కుమార్ గుత్తుల తీర్చిదిద్దగా, సిలికానాంధ్ర సంస్థ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద అందరికీ ఇచ్చింది. గూగుల్ ఫాంట్స్‌లోకి వెళ్లి ఎవరైనా దించుకోవచ్చు. రూపాయి కట్టనక్కర్లేదు, ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు.

అయినా మా వైపు శుభలేఖలు వేసే చోట్ల నేను చూసిన కంప్యూటర్లలో ఈ ఫాంట్లు అరుదు. కొనాల్సిన ఫాంట్ల, ప్రోగ్రాముల దొంగ కాపీలే ఎక్కువ. ఆ బాధే ఈ వ్యాసం రాయిస్తోంది.

గుడివాడలో నాకు బాగా పరిచయమున్న డీటీపీ సెంటర్ ఒకటుంది. మాఘమాసం, పెళ్లిళ్ల రద్దీ. ఒకరోజు పొద్దున్నే ఓనరు ఫోన్ చేశాడు. “మాస్టారూ, ఒక్కసారి రాగలరా అండీ, ఫైళ్లేవీ తెరుచుకోవట్లేదు.” వెళ్లి చూస్తే శుభలేఖలు, ఫ్లెక్సీలు, స్కూలు ఐడీ కార్డులు, అన్ని ఫైళ్ల పేర్ల చివరా ఒక వింత తోక మొలిచి ఉంది. ప్రతి ఫోల్డర్లో ఒక ఇంగ్లిష్ చీటీ: ఫైళ్లు కావాలంటే 980 డాలర్లు, 72 గంటల్లో కడితే సగం, అంటే 490. రాత్రి ఏం చేశావని అడిగాను. “ఫొటోల ప్రోగ్రాముకి క్రాక్ వేశానండీ. యాంటీవైరస్ ఆపితేగానీ ఎక్కదంది. ఆపాను.”

ఆ చీటీ, ఆ అంకెలు ‘స్టాప్’ లేదా ‘డీజేవీయూ’ అని పిలిచే ర్యాన్సమ్‌వేర్ కుటుంబానికి గుర్తులు. ఇళ్లలో, చిన్న దుకాణాల్లో ఉండే కంప్యూటర్లను ప్రపంచమంతటా పట్టి పీడించిన జబ్బు ఇది. ఎక్కువగా పాకింది క్రాక్‌ల ద్వారానే, దానికి కారణం క్రాక్ పనిచేసే తీరులోనే ఉంది. అసలు ప్రోగ్రాములో లైసెన్సును పరీక్షించే భాగాన్ని మార్చాలి కాబట్టి క్రాక్‌కు కంప్యూటర్ మీద పూర్తి అధికారం ఇవ్వాలి. యాంటీవైరస్ అరుస్తుంది, దాని నోరు నొక్కాలి. అంటే ముక్కూ మొహం తెలియనివాడి చేతికి ఇంటి తాళాలిచ్చి, వీధి గుమ్మంలో కుక్కను కూడా మనమే కట్టేస్తున్నాం. లోపలికి వచ్చినవాడు బీరువా తెరవకుండా ఎందుకుంటాడు? ఫైళ్లకు వాడు వేసిన తాళంచెవి వాడి సర్వర్లోనే ఉండిపోతుంది. కొన్ని పాత రకాలకు మాత్రం విరుగుడు ఉంది. యూరోపోల్, డచ్ పోలీసులు, రెండు భద్రతా సంస్థలు కలిసి 2016లో పెట్టిన ‘నో మోర్ ర్యాన్సమ్’ సైటులో అలాంటి విరుగుళ్లు ఉచితంగా దొరుకుతాయి. మా ఓనరు ఫైళ్లకు అవేవీ పనిచేయలేదు. పదకొండు పెళ్లిళ్ల శుభలేఖలు రెండు రాత్రులు కూర్చుని మళ్లీ కొట్టాడు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. దానిలోని 63బీ సెక్షన్ దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్ ప్రోగ్రామును వాడేవాడి గురించే. శిక్ష ఏడు రోజులకు తగ్గకుండా మూడేళ్ల వరకు జైలు, 50 వేలకు తగ్గకుండా 2 లక్షల వరకు జరిమానా. వ్యాపారానికి కాకుండా వాడుకుంటే జైలు లేకుండా 50 వేల లోపు జరిమానాతో కోర్టు సరిపెట్టవచ్చు. డీటీపీ సెంటర్ నడిపేవాళ్లది వ్యాపారమే కనుక ఆ సడలింపు మీద ఆశ పెట్టుకోకూడదు.

ఇక్కడ చాలామంది తికమకపడే విషయం ఒకటుంది. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. బందరు మిఠాయి కొట్టువాడు తొక్కుడు లడ్డు ఒకటి రుచికి చేతిలో పెట్టాడనుకోండి, అది ఉచితం. శనగపిండి ఎంత, బెల్లం పాకం ఏ ముదురు, ఎంతసేపు దంచాలి అన్నీ రాసిచ్చి, “మీరూ చేసుకోండి, అమ్ముకోండి, యాలకులు ఎక్కువ కావాలంటే వేసుకోండి” అన్నాడనుకోండి, అది స్వేచ్ఛ. రిచర్డ్ స్టాల్‌మన్ 1983 సెప్టెంబరులో గ్నూ ప్రాజెక్టును ప్రకటించినప్పటి నుంచి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాళ్లు అడుగుతున్నది ఈ రెండోదే: వాడుకునే, విప్పి చూసే, మార్చే, పంచే హక్కు. మన తెలుగువాళ్లలో హైదరాబాదు కేంద్రంగా ‘స్వేచ్ఛ’ అనే సంస్థ ఆ పేరుతోనే పనిచేస్తూ, తెలుగులో మాట్లాడే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేసింది.

దీనివల్ల చట్టం లెక్క మనం అనుకున్నదానికి తలకిందులవుతుంది. బందరు కోనేరు సెంటర్లో ఎవరైనా లినక్స్‌ను పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి వంద రూపాయలకు అమ్మితే అది చట్టబద్ధమే. పక్క కొట్టువాడు స్నేహం కొద్దీ పైసా తీసుకోకుండా ఫొటోషాప్ దొంగ కాపీ ఎక్కించి ఇస్తే అది నేరం. కాబట్టి ఏదైనా దించుకునే ముందు చూడాల్సింది ధర కాదు, లైసెన్సు పేరు. జీపీఎల్, ఎంఐటీ, అపాచీ, మొజిల్లా, ఫాంట్లయితే ఓపెన్ ఫాంట్ లైసెన్స్: ఈ పేర్లు కనబడితే నిశ్చింతగా వ్యాపారానికీ వాడుకోవచ్చు. ‘ఫ్రీవేర్’ అని ఉంటే ఆగి చదవండి. ఇంట్లో వాడుకోవడానికే ఉచితం, దుకాణంలో వాడితే డబ్బు కట్టాలి అనేవి వాటిలో చాలా ఉంటాయి.

శుభలేఖల పనికి సరిపోయే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉందా? ఉంది. అయితే పాత అలవాటు ఒకటి వదలాలి. పేజ్‌మేకర్ కాలపు తెలుగు ఫాంట్లలో అక్షరం నిజానికి అక్షరం కాదు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తలకట్లు, గుడులు, వత్తులు ముక్కలు ముక్కలుగా సర్ది పెట్టారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఆ ఫైలు తెరిస్తే పెళ్లికూతురి పేరు కూడా పొంతన లేని ఇంగ్లిష్ గుర్తులుగా కనబడుతుంది. వెతికితే దొరకదు, ఫోనుకు పంపితే చదవలేం. యూనికోడ్‌లో అలా కాదు. ‘జ్ఞ’ తీసుకోండి: జ, పొల్లు, ఞ అని మూడు సంకేతాలుగా ఫైల్లో ఉంటుంది. ఆ మూడింటినీ కలిపి ఏ రూపంలో, ఎక్కడ వత్తు పెట్టి చూపాలో తేల్చే ఇంజిను వేరే ఉంటుంది. అలాంటి ఇంజినే హార్ఫ్‌బజ్, అదీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే. ఆండ్రాయిడ్ ఫోన్లలో, క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో, లిబ్రే ఆఫీస్‌లో తెలుగు అక్షరాలను కూర్చేది అదే. దాని పేరు పారశీకం నుంచి వచ్చింది. ఎక్కడో దాన్ని తీర్చిదిద్దిన ఇరానీ యువకుడి చొరవతో ఇక్కడ నాగాయలంకలో అవ్వకు మనవడు పంపిన మెసేజ్‌లో ‘జ్ఞ’ చెదరకుండా కనబడుతోంది. నాకు ఇది తలచుకున్నప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది.

ఇక పనిముట్ల పేర్లు: పేజీలు కూర్చడానికి స్క్రైబస్, గీతల పనికి ఇంక్‌స్కేప్, ఫొటోలకు జింప్, ఉత్తరాలకూ లెక్కలకూ లిబ్రే ఆఫీస్. స్క్రైబస్‌లో పాత వెర్షన్లు తెలుగు వత్తులను చిందరవందర చేసేవి. 2024లో వచ్చిన 1.6లో ఆ ఇబ్బంది తీరింది, దించుకుంటే అదే దించుకోండి. కస్టమరు తెచ్చిన ఫొటోషాప్ ఫైలు జింప్‌లో అన్నిసార్లూ ఉన్నదున్నట్టు రాదు, చేతి అలవాటు మారడానికి ఒక నెల పడుతుంది. నేర్చుకోవడానికి ఐఐటీ బొంబాయి వారి ‘స్పోకెన్ ట్యుటోరియల్’ పాఠాలు తెలుగులోనూ ఉన్నాయి. చదువుకునే పిల్లలకైతే పటాల పనికి వాడే క్యూజీఐఎస్ చూపించమంటాను. అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలు 1972 నుంచి తీసిన చిత్రాల భాండాగారం 2008 నుంచి ఉచితం. 1977 నవంబరు 19 ఉప్పెన ముంచిన దివిసీమ తీరాన్ని నాటి చిత్రంలోనూ, నేటి చిత్రంలోనూ పక్కపక్కన పెట్టి, మడ అడవి ఎక్కడ మిగిలింది, రొయ్యల చెరువులు ఎక్కడిదాకా వచ్చాయి అని అవనిగడ్డ విద్యార్థి తన బల్ల మీదే కొలుచుకోవచ్చు.

ఇక ఎక్కడి నుంచి దించుకోవాలి అన్నది. అసలు ప్రమాదమంతా ఇక్కడే. 2022లో గూగుల్‌లో జింప్ కోసం వెతికినవాళ్లకు పైన ప్రకటన కనబడేది. దానిమీద అసలు సైటు పేరే ఉండేది. నొక్కితే పోయేది మాత్రం ఒకటి రెండు అక్షరాల తేడాతో కట్టిన నకిలీ సైటుకి. అక్కడి ఫైలు పాస్‌వర్డులు దోచేది. చిలకలపూడి వాళ్లు రోల్డ్ గోల్డ్‌ను రోల్డ్ గోల్డ్ అనే అమ్ముతారు, ఆ నిజాయితీతోనే దేశమంతా పేరు తెచ్చుకున్నారు. ఈ నకిలీ సైట్లు ఇత్తడిని మేలిమి బంగారమని అంటగడతాయి. అందుకే వెతికినప్పుడు ‘ప్రకటన’ అని ఉన్నదాన్ని నొక్కకండి. ఆ సాఫ్ట్‌వేర్ గురించి వికీపీడియాలో వ్యాసం తెరిస్తే పక్క పెట్టెలో అధికారిక సైటు లంకె ఉంటుంది, రెండుచోట్లా పేరు పోల్చుకోండి. డౌన్‌లోడ్ మూటలు కట్టి పెట్టే మధ్యవర్తి సైట్లు వద్దు.

ఒక్కోసారి అసలు గుమ్మమే మూసుకుపోతుంది. ప్యారిస్ విద్యార్థుల చేతుల్లో పుట్టిన వీఎల్‌సీ ప్లేయర్ సైటు 2022లో నెలల తరబడి మన దేశంలో తెరుచుకోలేదు. దాన్ని నడిపే వీడియోలాన్ సంస్థ ఇంటర్నెట్ ఫ్రీడమ్ ఫౌండేషన్ సాయంతో ప్రభుత్వానికి నోటీసు పంపాక నవంబరులో ఆ అడ్డు తొలగింది. అసలు సైటును ఆపితే జనం వీఎల్‌సీ మానేయరు, ఎవడో పెట్టిన చోటు నుంచి తెచ్చుకుంటారు. భద్రత పేరుతో ఎవరు చేసినా ఆ పని తప్పేనని నా అభిప్రాయం.

అలాంటప్పుడు ఉపయోగపడేదే గీటురాయి. దాని పేరు ఎస్‌హెచ్‌ఏ 256. ఏ ఫైలునైనా, అది పెద్దదైనా చిన్నదైనా, ఈ గణితంలో వేస్తే అంకెలూ అక్షరాలూ కలిపి 64 గుర్తుల ముద్ర ఒకటి వస్తుంది. ఏమీ లేని ఖాళీ ఫైలుకు ఆ ముద్ర ‘ఇ3బి0’ అని మొదలవుతుంది. ఇంగ్లిష్‌లో ఏ, బీ, సీ చిన్న అక్షరాలు మూడే ఉన్న ఫైలుకు ‘బిఎ7816’ అని మొదలవుతుంది. ఫైల్లో ఒక్క చుక్క మారినా ముద్ర మొత్తం మారిపోతుంది, మునుపటిదానితో పోలికే ఉండదు. ఫలానా ముద్ర వచ్చేలా నకిలీ ఫైలును తయారుచేయడం ఈనాటి కంప్యూటర్లకు అసాధ్యం. చాలా ప్రాజెక్టులు డౌన్‌లోడ్ లంకె పక్కనే ఈ ముద్రను అచ్చువేస్తాయి. 7-జిప్ ఎక్కించుకుంటే ఫైలు మీద కుడి క్లిక్ చేసి ఈ ముద్రను చూసుకోవచ్చు. లినక్స్‌లో చిన్న కమాండు చాలు.

గీటురాయికీ ఒక షరతు ఉంది. పోల్చుకునే ముద్ర నమ్మకమైన చోటు నుంచి రావాలి. 2016 ఫిబ్రవరి 20న దొంగలు లినక్స్ మింట్ సైటులోకే జొరబడి, 17.3 సినమన్ లంకెను దొడ్డిదారి పెట్టిన ఫైలుకు మళ్లించారు. సైటే దొంగల చేతిలో పడ్డాక అక్కడి ముద్రను మాత్రం ఎలా నమ్మడం? అందుకే ముద్ర మీద సంతకం కూడా ఉంటుంది. తయారీదారు తన దగ్గర మాత్రమే ఉండే రహస్య కీతో చేసే డిజిటల్ సంతకం అది. విండోస్‌లో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వచ్చే పెట్టెలో ప్రచురణకర్త పేరు కనబడేది ఆ సంతకం వల్లే. అక్కడ ‘తెలియని ప్రచురణకర్త’ అని ఉంటే ఒక నిమిషం ఆగడం మంచిది.

ఫోన్ల గురించి రెండు మాటలు. వాట్సాప్‌లో పీఎం కిసాన్ అనో, ట్రాఫిక్ చలానా అనో, ఆఖరికి పెళ్లిపత్రిక అనో ఏపీకే ఫైలు వస్తే పంపింది మేనమామైనా సరే తెరవకండి. ఆయన ఫోను అప్పటికే దొంగల చేతిలో ఉండి ఉండవచ్చు. స్వేచ్ఛా యాప్‌లు కావాలంటే వాటి కోసమే ఎఫ్-డ్రాయిడ్ అనే చోటు ఉంది. పొరపాటున డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

గుడివాడ ఓనరు ఈమధ్య కంప్యూటరు పూర్తిగా తుడిచి లినక్స్ వేయించాడు. దానికోసం ఫైలు దించిన రోజు నేనూ ఉన్నాను. స్క్రీను మీది ముద్రను కాగితం మీద ఎక్కించుకుని, సైటులోని ముద్రను కుర్రాడు ఒక్కొక్కటే చదువుతుంటే పెన్సిలు కొసతో కొట్టుకుంటూ పోయాడు. “తొమ్మిది.” “ఆఁ.” “ఎఫ్.” “ఆఁ.” అరవై నాలుగూ అయ్యేసరికి టీ చల్లారిపోయింది. మొన్న శ్రావణంలో అవనిగడ్డ వాళ్ల శుభలేఖ ఒకటి నాకు వాట్సాప్‌లో పంపాడు. వధువు పేరు జ్ఞానప్రసూన, మండలి ఫాంటులో, ‘జ్ఞ’ కింద వత్తు కుదురుగా కూర్చుని ఉంది.