మొదటి భాగం చౌకే... మరి మిగతావి?

చందమామ జానపదాలు చదువుతూ పెరిగిన నాకు ఫాంటసీ నవలలంటే ప్రాణం. మొన్నామధ్య ఓ మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని ఫోన్ చేతిలోకి తీసుకుంటే, ఓ సిరీస్‌లో మొదటి ఈ-బుక్కు కాఫీ ఖరీదుకే కనిపించింది. కొనేశాను. హీరోయిన్ కోట తలుపు తీయబోతుండగా కథ ఆగిపోయింది! రెండో భాగం ధర చూస్తే గుండె గుభేలుమంది. రోట్లో తల పెట్టాక రోకటి పోటుకి భయపడితే ఎలా? అదీ కొన్నాను. తీరా చూస్తే చివరి భాగం ఇంకా రాయనేలేదట.

వారపత్రికలో సీరియల్ కోసం మా అమ్మ ఎదురుచూసేది వారమే. నేనెన్నేళ్లు చూడాలో!

ఇందులో మోసమేం లేదండీ. మిఠాయి కొట్లో రుచికి చిన్న ముక్క చేతిలో పెడతారే, అలాంటిదే ఇదీ. అయితే కొనేముందు సిరీస్ పూర్తయిందా, మొత్తం ఎన్ని భాగాలు, అన్నిటికీ కలిపి ఎంతవుతుంది అన్నవి చూసుకోండి. నమూనా పేజీలు ఉచితమే, ముందు అవి చదవండి. నచ్చిన పేర్లు రాసిపెట్టుకుని, ధర తగ్గినప్పుడు కొనుక్కోవచ్చు.

ఈ మూడూ తగ్గింపులో కనిపిస్తే మాత్రం వదలకండి.

అర్సులా లెగ్విన్ రాసిన 'ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' (1968). మంత్రవిద్య నేర్చుకునే కుర్రాడు గర్వంతో చేసిన తప్పు నీడలా అతన్ని వెంటాడుతుంది. కథ ఇందులోనే ముగుస్తుంది కాబట్టి ఇక్కడే ఆపేసినా వెలితి ఉండదు. 1990లో వచ్చిన నాలుగో భాగం 'తెహాను'లో నాయిక నడివయసు రైతు వితంతువు. ఆమె కోసమైనా అక్కడిదాకా వెళ్లాలి.

ఎన్.కె. జెమిసిన్ నవల 'ది ఫిఫ్త్ సీజన్' (2015). భర్త కొడుకుని చంపి, కూతుర్ని తీసుకుపోయాడు. భూమి బద్దలవుతున్న వేళ ఆ తల్లి కూతుర్ని వెతుక్కుంటూ బయల్దేరుతుంది. కథ మధ్యలో ఆగుతుంది కనుక మూడు భాగాలకీ డబ్బు చూసుకోండి. 2017కే సిరీస్ పూర్తయింది. వరుసగా 2016, 2017, 2018లలో మూడింటికీ హ్యూగో అవార్డు వచ్చింది.

మార్తా వెల్స్ 'ఆల్ సిస్టమ్స్ రెడ్' (2017). చిన్న పుస్తకం. సగం యంత్రమైన కాపలాదారు తన బుర్రకున్న తాళం తానే తీసేసుకుంటుంది. ఆ స్వేచ్ఛతో ఏం చేస్తుందో తెలుసా? సీరియళ్లు చూస్తుంది! అది మనకి కొత్తేం కాదుగా. ఈ కథా దీనంతట ఇదే పూర్తవుతుంది.

ఇంగ్లీషని జంకకండి. పదమ్మీద కాసేపు వేలుంచితే అర్థం చూపిస్తుంది. కళ్లజోడు వెతక్కుండా అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు.

నాకు నచ్చనిదొక్కటే. అమ్మ సీరియల్ పేజీలు దారంతో కుట్టి పక్కింటావిడకిచ్చేది. ఫోన్లో పుస్తకాన్ని అలా ఇవ్వలేం. అందుకే సాయంత్రం మా పక్కింటావిడకి కథ చెబుతున్నాను. ఎక్కడ ఆపుతానో మీకు చెప్పక్కర్లేదనుకుంటాను!