మల్లె, చేప, సముద్రం.. మెదడుకి ఎలా తెలుస్తుంది?

తెనాలి మార్కెట్‌లో మల్లెపూలు, రేపల్లెలో చేపలు, బాపట్ల దాటి సూర్యలంక వైపు వెళ్తే సముద్రపు గాలి. కళ్లు మూసుకున్నా ఎక్కడున్నామో ముక్కు చెప్పేస్తుంది. క్షణంలో అయిపోయే ఈ పని వెనక మెదడు చేసే లెక్క చూస్తే, రోజూ కోడ్ రాసే నాకే ముచ్చటేసింది.

ఒక్కో కణానికి ఒక్కటే డ్యూటీ

వాసనంటే గాల్లో తేలే అణువులే. ముక్కు లోపల పైభాగంలో లక్షల న్యూరాన్లు వాటి కోసం కాచుకుని ఉంటాయి. ఒక్కో న్యూరాన్ మీద సాధారణంగా ఒక్క రకం రిసెప్టరే ఉంటుంది. మనుషుల్లో పనిచేసే రకాలు దాదాపు 400. చిట్టెలుకల్లో 1000కి పైనే, ఆఫ్రికా ఏనుగులో దాదాపు 2000! ఈ రిసెప్టర్ల జన్యువుల్ని 1991లో బయటపెట్టిన లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్‌లకి 2004లో నోబెల్ వచ్చింది.

మరి 400 రకాలతో వేల వాసనలెలా? 56 అక్షరాలతో తెలుగంతా రాసుకుంటున్నాం కదా, అలాగే. ఒక అణువు కొన్ని రిసెప్టర్లని ఆన్ చేస్తుంది, మిగతావాటిని వదిలేస్తుంది. ఏవి ఆన్ అయ్యాయన్నదే దాని పాస్‌వర్డ్. మోతాదు పెరిగితే పాస్‌వర్డ్ కూడా మారిపోతుంది. మల్లెల్లో ఉండే ఇండోల్ కొంచెంగా ఉంటే పరిమళం, ఎక్కువైతే మలం కంపు.

షార్ట్‌కట్‌లో జ్ఞాపకాలకి

ఒకే రకం రిసెప్టర్ ఉన్న న్యూరాన్ల తీగలన్నీ మెదడు ముందు భాగంలోని ఘ్రాణ గడ్డలో ఒకే ముడి దగ్గర కలుస్తాయి. అక్కడి కణాలు గోల తగ్గించి, అసలు సంకేతాన్ని పైకి పంపిస్తాయి. చూపు, వినికిడి ముందుగా థాలమస్ అనే జంక్షన్‌లో ఆగాలి. వాసనకి ఆ హాల్ట్ లేదు. నేరుగా ఘ్రాణ వల్కలానికి, భావోద్వేగాలు చూసే అమిగ్డాలాకి వెళ్తుంది. తొలి వాన పడగానే చిన్నప్పటి వేసవి సెలవులు గుర్తొచ్చేది అందుకే.

చేప చెప్పే పాఠం

సముద్రపు చేప చచ్చాక బ్యాక్టీరియా వల్ల ట్రైమిథైలమీన్ పుడుతుంది. నీచు వాసన ఎక్కువగా దానిదే. నిమ్మరసమో చింతపండో పట్టిస్తే ఆ పులుపు దాన్ని గాల్లోకి లేవకుండా పట్టేస్తుంది. మన అమ్మమ్మలది పక్కా కెమిస్ట్రీ! తమాషా ఏంటంటే, ఇదే వాసన తగిన మోతాదులో చిట్టెలుకకి ఇష్టం, పెద్ద ఎలుకకి గిట్టదు. మంచిదా చెడ్డదా అని తేల్చేది ఆ జంతువు మెదడే. రోజంతా చేపలు అమ్మేవాళ్లకి ఆ వాసన తెలియకపోవడం కూడా అలాంటిదే. మారకుండా వచ్చే సంకేతాన్ని న్యూరాన్లు, మెదడు కాసేపటికి తగ్గించేస్తాయి.

వాసన పోతే?

తెనాలిలో మా అమ్మమ్మకి కోవిడ్ తర్వాత వాసన పోయింది. పోపు మాడినా తెలిసేది కాదు. "కూర గడ్డి తిన్నట్టుందిరా" అనేది. మాకు అసలు భయం గ్యాస్‌తో. సిలిండర్ లీకైతే తెలియాలని అందులో ఘాటు వాసన కలుపుతారు. ఆ హెచ్చరికే ఆమెకి అందదు.

కోవిడ్ వైరస్ ముఖ్యంగా దెబ్బతీసేది ముక్కులోని న్యూరాన్లకి అండగా ఉండే కణాల్ని. అదృష్టం ఏంటంటే, ఆ న్యూరాన్లు మూలకణాల నుంచి మళ్లీ పుడుతూనే ఉంటాయి. వాటికి కసరత్తు ఇచ్చే పద్ధతిపై జర్మనీలో థామస్ హుమ్మెల్ బృందం 2009లో ఫలితాలు ప్రచురించింది. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి వాసనల్ని రోజుకి రెండుసార్లు, 12 వారాలు శ్రద్ధగా పీల్చాలి. అందరికీ పూర్తిగా తిరిగి రాకపోవచ్చు కానీ చాలామందికి ఉపయోగపడింది. అమ్మమ్మకి మొదట లవంగం తెలిసింది, తర్వాత నిమ్మ. మల్లె ఇంకా రాలేదు.

మీ ఇంట్లో పెద్దవాళ్లని ఓసారి అడగండి, వాసనలు సరిగ్గా తెలుస్తున్నాయా అని. కొందరిలో పార్కిన్సన్స్ లాంటి జబ్బులకి ఇది తొలి సూచన కావచ్చు. జలుబు తగ్గాక కూడా కొన్ని వారాలు వాసన రాకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి. వంటింట్లో గ్యాస్ లీక్ అలారం పెట్టించండి.