పేరు మనది... ఇల్లు అద్దెది!

పచ్చళ్ళో, చీరలో అమ్ముకోవడానికి వెబ్‌సైట్ పెట్టిన అమ్మాయిల్ని నేనడిగే మొదటి ప్రశ్న ఒకటే: "సైటు పేరు ఎవరి పేరు మీద ఉంది?"

మా కొల్లిపరలో పసుపు కొట్టించి అమ్మే ఒకావిడని అడిగితే "ఏమోనండీ, సైటు చేసిన అబ్బాయే చూసుకుంటాడు" అంది. ప్యాకెట్ల మీద ఆ పేరే అచ్చు వేయించింది కూడా! పొలం కాగితాలు ఎవరి పేర ఉన్నాయో తెలియకుండా పంట వేసినట్టు లేదూ? రిజిస్ట్రార్ దగ్గర ఎవరి పేరుంటే హక్కు వాళ్ళదే. ఏటా డబ్బు కట్టమని వచ్చే మెయిలూ వాళ్ళకే వెళుతుంది. గడువు దాటిపోతే ఆ పేరు ఇంకెవరైనా కొనుక్కోవచ్చు.

డొమైన్ అంటే పేరు. హోస్టింగ్ అంటే మన ఫొటోలు, ధరలు దాచుకోవడానికి వేరొకరి కంప్యూటర్లో అద్దెకు తీసుకున్న చోటు. రెండూ ఒకే కంపెనీ దగ్గర ఉండక్కర్లేదు. అద్దిల్లు నచ్చకపోతే మారతాం, పేరు మార్చుకుంటామా? ఫలానా పేరు ఫలానా చోట ఉందని చెప్పేది డి.ఎన్.ఎస్. పద్ధతి. 1983లో పాల్ మోకాపెట్రిస్ దీన్ని రూపొందించక ముందు ఈ పేర్ల జాబితా అంతా అమెరికాలో ఎలిజబెత్ ఫైన్‌లర్ అనే ఆవిడ బృందం చూసేది. డాట్ కామ్ వంటి తోకలు పెట్టడంలోనూ వాళ్ళ చెయ్యి ఉంది. ఈ పనులు మగపిల్లలకే వస్తాయనేవాళ్ళకి చెప్పండి!

పేరునీ చోటునీ కలపడానికి దారులు రెండు. హోస్టింగ్ వాళ్ళిచ్చిన నేమ్‌సర్వర్ల పేర్లు రిజిస్ట్రార్ పేజీలో వేయడం ఒకటి. ఇది తేలికే కానీ, పాత చోట ఉన్న మెయిల్ తాలూకు ఎమ్.ఎక్స్. రికార్డుని కొత్త చోట మళ్ళీ రాయకపోతే సైటు చక్కగా కనిపిస్తుంది, ఆర్డర్ల మెయిళ్ళు మాత్రం రావు. అందుకే మెయిల్ వేరేచోట ఉన్నవాళ్ళు నేమ్‌సర్వర్ల జోలికి పోకుండా, 'ఎ' రికార్డు అనేదాంట్లో కొత్త హోస్టింగ్ వాళ్ళ అంకెల చిరునామా వేస్తే చాలు. నాకైతే ఇదే నయమనిపిస్తుంది.

మార్చిన వెంటనే సైటు కనపడలేదని కంగారుపడకండి. పాత చిరునామాని దారిలోని కంప్యూటర్లు కొంతసేపు గుర్తుంచుకుంటాయి. మీకు కొత్త సైటు, తెనాలిలో మీ చెల్లెలికి పాతది కనిపించవచ్చు. ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది. అందాకా పాత హోస్టింగ్ రద్దు చేయకండి. సంక్రాంతి ఆర్డర్ల సమయంలో అసలే పెట్టుకోకండి ఈ పని.