నీటిగొట్టము ఎందుకు పగులుతుంది?

2023 డిసెంబరులో హిరమండలం జలాశయపు నీటిని ఉద్దానం గ్రామాలకు గొట్టాల ద్వారా అందించే పథకము ప్రారంభమైనది. సంక్రాంతి చలిలో సైతము ఆ గొట్టాలలో నీరు గడ్డకట్టునన్న భయము మనకు లేదు, మనది సముద్రతీరము. కాని ఇక్కడ పెరిగిన పిల్లలే సైన్యములో చేరి లడఖ్‌కు, ఉద్యోగాలకై అమెరికాకు వెళుతున్నారు. అటువంటి శీతల ప్రదేశాలలో చలికాలము వచ్చినదంటే ఇంటి నీటిగొట్టములను కాపాడుకోవలసి ఉంటుంది.

దీని కారణమును బడిలోనే చూడవచ్చును. చేపలకు వాడే ఐసును పొడిచేసి, మూడుపాళ్ళ ఐసుకు ఒకపాలు నౌపడ ఉప్పు కలపండి. మిశ్రమపు ఉష్ణోగ్రత సున్న డిగ్రీలకు ఎంతో దిగువకు పోతుంది. చిన్న గాజుసీసాను అంచువరకు నీటితో నింపి, మూత గట్టిగా బిగించి, ఆ మిశ్రమములో పాతిపెట్టండి. పైన గోనెపట్టా కప్పి, పిల్లలను దూరముగా నిలపండి. నీరు గడ్డకట్టేసరికి సీసా పగులుతుంది.

చాలా పదార్థాలు గడ్డకట్టినప్పుడు కుంచించుకుపోతాయి. నీటి ధర్మము వేరు. మంచుగడ్డలో నీటి అణువులు నడుమ ఖాళీలు విడిచి వరుసగా అమరుతాయి. అందుచేత 100 ఘనసెంటీమీటర్ల నీరు గడ్డకడితే సుమారు 109 ఘనసెంటీమీటర్ల చోటు కావాలి.

అయితే గొట్టము పగిలేది మంచు ఏర్పడినచోటనే అనుకోవటము పొరపాటు. గొట్టములో మంచుగడ్డ బిరడావలె అడ్డుపడి, క్రమముగా పెరుగుతుంది. వీధిగొట్టమువైపు నీరు వెనుకకు జరిగిపోగలదు. మూసిన కుళాయివైపు నీటికి మాత్రము దారి లేదు. నీరు దాదాపు అణగదు గనుక అక్కడ పీడనము విపరీతముగా పెరిగి, మంచులేని చోటనే గొట్టము చీలవచ్చును. అమెరికాలోని ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయములో జరిగిన పరీక్షలు ఈ సంగతిని స్పష్టపరచినవి. బయటి ఉష్ణోగ్రత సుమారు −7 డిగ్రీల సెంటీగ్రేడుకు దిగితే, రక్షణలేని గొట్టాలకు ప్రమాదము మొదలని కూడా వాటివల్ల తేలినది.

తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో ఉన్న డాలస్ నగరములో 2021 ఫిబ్రవరి 16న ఉష్ణోగ్రత −19 డిగ్రీలకు పడిపోయినది. టెక్సాస్ వేడిప్రదేశము, అక్కడ అనేక గృహాలలో గొట్టాలు అటకమీదను, బయటిగోడలలోను ఉంటాయి. విద్యుత్తు ఆగిపోయి ఇండ్లు చల్లబడినవి. వేలాది ఇండ్లలో గొట్టాలు పగిలినవి. చలి తగ్గి, బిరడావలె ఉన్న మంచు కరిగిన తరువాతనే చాలామందికి ఆ సంగతి తెలిసినది: పైకప్పులనుంచి నీరు కురిసినది.

కారణము తెలిస్తే నివారణ తేలిక. గొట్టానికి దళసరి తొడుగు చుట్టాలి. అది వేడిని పుట్టించదు, ఉన్న వేడిని త్వరగా పోనివ్వదు. గట్టి చలిరాత్రి కుళాయిని సన్నని ధార పడేటట్లు విడవాలి. చిక్కుకున్న నీటికి దారి దొరికి పీడనము పెరగదు. ఊరు వెళ్ళేటప్పుడు ఇంటి ప్రధాన కవాటమును మూసి, గొట్టాలలోని నీటిని వదిలివేయాలి. నీరు గడ్డకడితే ముందు కుళాయి తెరచి, ఆ వైపునుంచే వేడినీటి గుడ్డలతో మెల్లగా కాచాలి, మంట చూపరాదు. గొట్టము చీలినట్లు కనబడితే వెంటనే ప్రధాన కవాటమును మూయాలి.

ఇప్పుడు విద్యార్థులు మరొక సీసాను ముప్పాతిక మాత్రమే నింపి, మూత వేయక, అదే ప్రయోగము చేసి చూడండి. రెండు సీసాలకు గల భేదమును గొట్టానికి అన్వయించి చెప్పండి.